వెదర్ స్టేషన్ డేటాను ఒక సిస్టమ్ నుంచి మరో సిస్టమ్‌కు దానంతట అదే వెళ్లేలా చేయడం ఎలా?

వెదర్ స్టేషన్ పెట్టుకున్న కొత్తలో అందరం కంపెనీ యాప్‌లోనే రీడింగులు చూసుకుంటాం. కొన్నాళ్లకు అవే అంకెలు వెదర్ అండర్‌గ్రౌండ్ అనే వాతావరణ వెబ్‌సైట్‌లో కనిపించాలనీ, సొంత డేటాబేస్‌లో చేరాలనీ, ఎవరైనా పరిశోధకులు అడిగితే ఇవ్వగలగాలనీ అనిపిస్తుంది. రోజూ ఫైల్ డౌన్‌లోడ్ చేసి ఇంకో చోట అప్‌లోడ్ చేసే ఓపిక ఎవరికీ ఎక్కువ కాలం ఉండదు. ఆ పనిని మెషిన్‌కు ఎలా అప్పగించాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ముందే ఒక మాట. అంకెను ఇక్కడి నుంచి అక్కడికి పంపడం పెద్ద పనేం కాదు, ఇరవై లైన్ల స్క్రిప్టు చాలు. ఇక్కడ ఆ అంకెకున్న అర్థం అక్కడికి చేరాక కూడా అలాగే ఉండేలా చూడటమే కష్టం. ఏ యూనిట్, ఏ టైమ్, ఏ ఎత్తు దగ్గరి పీడనం అన్నవి దారిలో మారిపోతే అవతలివాళ్లకు తెలిసే వీలు లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా తరఫున నడిచే సిటిజన్ వెదర్ అబ్జర్వర్ ప్రోగ్రామ్‌నే (సీవాప్) తీసుకోండి. మీరు పంపిన రీడింగ్ అక్కడి నుంచి మాడిస్ అనే డేటా వ్యవస్థలోకి వెళ్లి, వాతావరణ అంచనాలు వేసేవాళ్ల చేతికి అందుతుంది. అందుకే తప్పు అంకె వెళ్లడం కంటే అసలేమీ వెళ్లకపోవడమే నయమని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దీని కోసమే.

1. అసలు స్క్రిప్టు అవసరమా అని చూడండి

కాగితం తీసుకుని డేటా ఇప్పుడు ఎక్కడుందో, ఎక్కడికి వెళ్లాలో గీయండి. సెన్సర్ నుంచి కన్సోల్‌కు (ఇంట్లో పెట్టుకునే తెర) లేదా గేట్‌వేకి (సెన్సర్ డేటాను ఇంటర్నెట్‌కు అందించే చిన్న పెట్టె), అక్కడి నుంచి కంపెనీ క్లౌడ్‌కు వెళ్తుంది. క్లౌడ్ దాకా వెళ్లకుండా మధ్యలోనే డేటాను అందుకోగలిగితే అదే మంచిది.

ఉదాహరణకు ఎకోవిట్ కంపెనీ గేట్‌వేల సెట్టింగుల్లో కస్టమైజ్డ్ అనే ఆప్షన్ ఉంటుంది. అందులో మీ సర్వర్ అడ్రస్, పోర్ట్, ఎన్ని సెకన్లకోసారి పంపాలో ఇస్తే గేట్‌వేనే నేరుగా మీ సర్వర్‌కు డేటా పంపుతుంది. చాలా కన్సోళ్లు వెదర్ అండర్‌గ్రౌండ్‌కు తామే అప్‌లోడ్ చేస్తాయి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్, అంటే రాస్ప్‌బెర్రీ పై లాంటిది ఉంటే వీవెక్స్ గానీ క్యుములస్ ఎంఎక్స్ గానీ పెట్టుకోండి. రెండూ ఉచితమే. వీవెక్స్ పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్. మామూలుగా ఐదు నిమిషాలకోసారి రికార్డును ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాచి వెదర్ అండర్‌గ్రౌండ్, సీవాప్, పీడబ్ల్యూఎస్ వెదర్, అవెకాస్ లాంటి చోట్లకు పంపగలదు. మీ పని దీనితో అయిపోతే కొత్తగా ఏమీ రాయొద్దు. చాలామంది ఏళ్ల తరబడి వాడి సరిదిద్దిన కోడ్ అది.

డేటా కంపెనీ క్లౌడ్‌లో తప్ప ఇంకెక్కడా దొరకనప్పుడే, లేదా మీరు పంపాల్సిన చోటు ఈ ప్రోగ్రాముల్లో లేనప్పుడే సొంత స్క్రిప్టు. స్టేషన్ మీది కాకపోతే ఓనర్ అనుమతి తీసుకోండి. రెండు వైపులా వాడకం నిబంధనలు కూడా చదవండి. తీసుకున్న డేటాను మరో చోట ప్రచురించడాన్ని కొన్ని సర్వీసులు ఒప్పుకోవు.

2. కీలు, టోకెన్లు సంపాదించండి

ఏపీఐ అంటే ఒక ప్రోగ్రామ్ ఇంకో సర్వీసును డేటా అడిగే దారి. స్టేషన్లు తయారుచేసే డేవిస్ వాళ్ల క్లౌడ్ వెదర్‌లింక్. దాని రెండో వెర్షన్ ఏపీఐకి ఒక కీ, ఒక సీక్రెట్ ఉంటాయి. సీక్రెట్‌ను రిక్వెస్ట్ హెడర్‌లో పంపాలి. యాంబియంట్ వెదర్ కంపెనీ స్టేషన్లకు అప్లికేషన్ కీ ఒకటి, ఏపీఐ కీ ఇంకొకటి, రెండూ కావాలి. సెకనుకు ఒక్క రిక్వెస్ట్ మించితే ఊరుకోదు. వెదర్ అండర్‌గ్రౌండ్‌కు పంపేటప్పుడు స్టేషన్ ఐడీ, స్టేషన్ కీ ఇవ్వాలి. మీ అకౌంట్ పాస్‌వర్డ్ అక్కడ పనికిరాదు. సీవాప్‌లో హామ్ (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) లైసెన్స్ లేనివాళ్లకు ఒక ఐడీ ఇస్తారు, వాళ్లు పాస్‌కోడ్‌గా -1 అని పంపితే చాలు.

నెటాట్మో కంపెనీ స్టేషన్ల దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. దాని యాక్సెస్ టోకెన్ మూడు గంటలే పనిచేస్తుంది. గడువు తీరాక రిఫ్రెష్ టోకెన్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్న ప్రతిసారీ వచ్చిన రిఫ్రెష్ టోకెన్‌ను కూడా వెంటనే ఫైల్లో రాసేయండి. పాతదాన్నే పట్టుకుని కూర్చునే స్క్రిప్టు మొదటి రోజు చక్కగా నడిచి తర్వాత ఆగిపోతుంది.

కీలన్నీ విడిగా ఒక ఫైల్లో పెట్టి, దాని పర్మిషన్ 600 చేయండి, అంటే మీరు తప్ప ఇంకెవరూ చదవలేరు. కోడ్ మార్పులను దాచే గిట్‌లోకి ఆ ఫైల్ వెళ్లకూడదు. వెదర్ అండర్‌గ్రౌండ్ పద్ధతిలో కీ కూడా యూఆర్ఎల్‌లోనే ఉంటుంది కాబట్టి లాగ్‌లో యూఆర్ఎల్ రాసేటప్పుడు కీ ఉన్న భాగాన్ని చుక్కలతో కప్పేయండి.

3. ఒక్క రికార్డును చేత్తో తెచ్చి చూడండి

ఆటోమేషన్ సంగతి తర్వాత. కర్ల్ అనే కమాండ్‌తోనో బ్రౌజర్‌తోనో ఒక్క రికార్డు తెప్పించండి. అదే నిమిషంలో కన్సోల్ మీద ఏముందో రాసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక పట్టిక తయారు చేయండి: ఇటువైపు ఫీల్డ్ పేరు, దాని యూనిట్, అటువైపు ఫీల్డ్ పేరు, దాని యూనిట్. ఈ కాగితమే మీ ప్రాజెక్టుకు అసలు డిజైన్.

నెటాట్మో సెల్సియస్, మిల్లీబార్, మిల్లీమీటర్లలో ఇస్తుంది. వెదర్ అండర్‌గ్రౌండ్ ఫారన్‌హీట్, పాదరసం అంగుళాలు, వాన అంగుళాలు, గంటకు మైళ్లు అడుగుతుంది. సీవాప్ లెక్క ఇంకా వేరు. పీడనాన్ని హెక్టోపాస్కల్‌లో పదో వంతుల్లో రాయాలి, అంటే 1013.2ని 10132 అని. వాన అంగుళంలో నూరో వంతుల్లో. తేమకు రెండే అంకెల చోటు ఉంది కాబట్టి 100 శాతాన్ని 00 అని రాయాలి. ఇది తెలియక మూడంకెలు పంపితే మంచు కురిసిన ప్రతి ఉదయం మీ మెసేజ్ చెడిపోతుంది.

కావలసిన లెక్కలు ఇవి. సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలిపితే ఫారన్‌హీట్. హెక్టోపాస్కల్‌ను 33.8639తో భాగిస్తే పాదరసం అంగుళాలు. మిల్లీమీటర్లను 25.4తో భాగిస్తే అంగుళాలు. కిలోమీటర్లను 1.609344తో భాగిస్తే మైళ్లు. సెకనుకు మీటర్లను 2.23694తో గుణిస్తే గంటకు మైళ్లు.

స్క్రిప్టు లోపల ఒకే యూనిట్ల పద్ధతి ఉంచండి. తెచ్చుకునేటప్పుడు ఒకసారి, పంపేటప్పుడు ఒకసారి మాత్రమే మార్చండి. రౌండ్ చేయడం పంపే ముందు, చివర్లో ఒక్కసారే. దీన్ని పట్టించుకోకపోతే వాన లెక్క ఎంత పాడవుతుందో చూడండి. చాలా వానమాపకాల్లో నీళ్లు నిండగానే ఒరిగే చిన్న బకెట్ ఉంటుంది. అది ఒకసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లు. అది 0.00787 అంగుళాలు. ప్రతి ఒరుగుడునూ రెండు దశాంశ స్థానాలకు సరిచేస్తే 0.01 అంగుళం అవుతుంది, అంటే 0.254 మిల్లీమీటర్లు. ఇలా సరిచేసినవాటిని కూడుకుంటూ పోతే మొత్తం వాన 27 శాతం ఎక్కువ చూపిస్తుంది. ముందు మిల్లీమీటర్లలో కూడి, ఆ మొత్తాన్ని మార్చండి.

4. అంకె వెనక అర్థం సరిచూడండి

అసలు పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి, కాబట్టి ఇక్కడ నిదానంగా నడవండి.

పీడనంతో మొదలుపెడదాం. సెన్సర్ కొలిచేది అదున్న ఎత్తు దగ్గరి పీడనాన్ని. వెదర్ అండర్‌గ్రౌండ్ లాంటివి అడిగేది సముద్రమట్టానికి సరిచేసిన పీడనాన్ని. నేలకు దగ్గరలో ప్రతి 8 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. స్టేషన్ 400 మీటర్ల ఎత్తులో ఉంటే తేడా దాదాపు 47 హెక్టోపాస్కల్స్. సరిచేయకుండా పంపితే మ్యాప్‌లో మీ ఇంటి మీద రోజూ తుపాను ఉన్నట్టే కనిపిస్తుంది. ఎకోవిట్ డేటాలో అబ్సల్యూట్, రిలెటివ్ అని రెండు పీడనాలు వస్తాయి. మొదటిది సెన్సర్ చూసింది, రెండోది మీరిచ్చిన సవరణతో లెక్కగట్టింది. ఆ సవరణ మీరు సరిగ్గా ఇచ్చి ఉంటేనే రెండోది పనికొస్తుంది. సీవాప్ అడిగేది ఆల్టిమీటర్ సెట్టింగ్ అనే మూడో రకం. దాని లెక్కలో ఎత్తు మాత్రమే ఉంటుంది, అప్పటి ఉష్ణోగ్రత రాదు. ఎత్తైన చోట్ల దీనికీ సముద్రమట్టానికి సరిచేసిన పీడనానికీ మధ్య తేడా బాగానే కనిపిస్తుంది.

గాలి దిశను మామూలు సగటు తీయకూడదు. ఒక రీడింగ్ 350 డిగ్రీలు, ఇంకొకటి 10 డిగ్రీలు అనుకోండి. రెండూ ఉత్తరపు గాలులే. కూడి రెండుతో భాగిస్తే 180 వస్తుంది, అంటే దక్షిణం! ప్రతి దిశకూ సైన్, కొసైన్ తీసి, గాలి వేగంతో గుణించి, విడివిడిగా కూడి, ఆ రెండింటి నుంచి మళ్లీ కోణం తెచ్చుకోవాలి. గాలి వేగం సున్నా అయితే దిశ పంపనే వద్దు. ఉధృతి, అంటే గస్ట్, ఎప్పుడూ గరిష్ఠమే. దాన్ని సగటు చేశారంటే ఆ మాటకే అర్థం పోతుంది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో గాలి వేగమంటే పది నిమిషాల సగటు, గస్ట్ అంటే మూడు సెకన్ల సగటులో గరిష్ఠం. ఇంటి స్టేషన్లు తరచూ వేరే వ్యవధులు వాడతాయి. మీదెంతో మాన్యువల్‌లో చూసి రాసిపెట్టుకోండి.

వానకు మూడు వేర్వేరు అంకెలుంటాయి: ఇప్పుడు ఎంత జోరుగా పడుతోంది, గత గంటలో ఎంత పడింది, అర్ధరాత్రి నుంచి ఎంత పడింది. వెదర్ అండర్‌గ్రౌండ్ పద్ధతిలో "రెయిన్ ఇన్" అనే ఫీల్డు గత గంట వాన. అందులో జోరును పెట్టేయడం చాలా తరచుగా జరిగే తప్పు. నిమిషంపాటు దంచికొట్టిన వాన గంటంతా కురిసినట్టు నమోదవుతుంది. గత గంట వాన నేరుగా దొరక్కపోతే మొత్తం కౌంటర్‌లో ఇప్పటి అంకె నుంచి గంట కిందటి అంకె తీసేయండి. కొత్త అంకె పాతదానికంటే తక్కువగా వచ్చిందంటే మధ్యలో కౌంటర్ సున్నా అయిందన్నమాట. అప్పుడు కొత్త అంకెనే పెరుగుదలగా తీసుకోండి. మైనస్ వానను మాత్రం ఎన్నడూ పంపకండి.

టైమ్ విషయంలో నాది ఒకటే పట్టు: లోపల అంతా యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్. లోకల్ టైమ్‌ను మనిషికి చూపించేటప్పుడే వాడాలి. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపి తర్వాత వెనక్కి తెచ్చే దేశాల్లో ఏటా ఒక రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది. లోకల్ టైమ్‌తో దాచితే రెండో గంట మొదటిదాన్ని చెరిపేస్తుంది. యూటీసీతో తేడా అన్ని చోట్లా పూర్తి గంటల్లో ఉండదు, అరగంట, ముప్పావు గంట తేడాలూ ఉన్నాయి. టైమ్‌స్టాంప్ సెకన్లలో ఉందో మిల్లీసెకన్లలో ఉందో కూడా చూడండి. యాంబియంట్ మిల్లీసెకన్లలో ఇస్తుంది, వెదర్‌లింక్ సెకన్లలో.

పంపాల్సింది రీడింగ్ తీసిన టైమ్. స్క్రిప్టు నడిచిన టైమ్ కాదు. వెదర్ అండర్‌గ్రౌండ్ టైమ్ బదులు "నౌ" అన్న మాటను కూడా ఒప్పుకుంటుంది. కన్సోల్ నేరుగా పంపితే అది సరే. మీరు మధ్యవర్తిగా ఉన్నప్పుడు అది వాడితే ఇరవై నిమిషాల కిందటి వాన ఇప్పటిదైపోతుంది.

ఇక లేని విలువ. సెన్సర్ బ్యాటరీ అయిపోతే ఏపీఐ ఖాళీగా ఇవ్వొచ్చు, నల్ ఇవ్వొచ్చు, -9999 లాంటి గుర్తు ఇవ్వొచ్చు. కొన్ని క్లౌడ్‌లు పాత అంకెనే మళ్లీ మళ్లీ ఇస్తాయి. దీన్ని సున్నాగా మార్చడం ఘోరం, ఎందుకంటే సున్నా డిగ్రీలు, సున్నా వాన రెండూ నిజమైన రీడింగులే. విలువ లేకపోతే ఆ ఫీల్డునే తీసేసి మిగతావి పంపండి. రీడింగ్ టైమ్ పదిహేను నిమిషాల కంటే పాతదైతే దాన్ని తాజా రీడింగ్‌గా పంపకండి.

వీటికి తోడు చిన్న తనిఖీలు పెట్టండి. తేమ 0 నుంచి 100 మధ్యే ఉండాలి. భూమ్మీద ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 1913లో డెత్ వ్యాలీలో 56.7 డిగ్రీలు, కనిష్ఠం 1983లో అంటార్కిటికాలోని వోస్టాక్ దగ్గర మైనస్ 89.2. మీ హద్దులు దీనికంటే చాలా ఇరుకుగా, మీ ప్రాంతానికి తగ్గట్టు ఉండాలి. ఉష్ణోగ్రత మూడు గంటలపాటు దశాంశంతో సహా కదలకపోతే అనుమానించండి. ఇదే పరీక్ష తేమకూ గాలికీ పెట్టకండి. పొగమంచులో తేమ రాత్రంతా 100 దగ్గర నిలబడటం, గాలి గంటలకొద్దీ సున్నాగా ఉండటం మామూలే.

5. మధ్యలో ఒక డేటాబేస్ పెట్టండి

తెచ్చిన వెంటనే పంపేసే స్క్రిప్టు రాయడం తేలిక. అవతలి సర్వర్ పడిపోయిన రోజు మాత్రం ఆ డేటా పోతుంది. తెచ్చే పని, పంపే పని విడదీసి మధ్యలో ఎస్‌క్యూలైట్ పెట్టండి. స్టేషన్ ఐడీ, రీడింగ్ టైమ్ రెండూ కలిపి యూనిక్ కీ. చేర్చేటప్పుడు "ఇన్సర్ట్ ఆర్ ఇగ్నోర్" వాడితే ఒకే రికార్డు రెండుసార్లు వచ్చినా నష్టం లేదు. ఒక్కో గమ్యానికి పంపామా లేదా అని గుర్తుపెట్టే కాలమ్ ఒకటి.

ఏపీఐ ఇచ్చిన జవాబును మార్చకుండా ఉన్నదున్నట్టు కూడా దాచండి. మీ లెక్కలో తప్పుందని ఆరు నెలల తర్వాత తెలిసినా మళ్లీ సరిగ్గా లెక్కగట్టుకోవచ్చు. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 రికార్డులు, ఏడాదికి 1,05,120. ఎస్‌క్యూలైట్‌కు ఇదొక లెక్క కాదు.

ఆగిపోయి మళ్లీ మొదలైనప్పుడు పాతవాటి నుంచి వరసగా పంపండి. సీవాప్‌కు మాత్రం పాతవి వద్దు, అది అప్పటికప్పుడు జరుగుతున్నదాని కోసం. వెదర్‌లింక్ నుంచి పాత డేటా తెచ్చుకోవాలంటే ఒక్కో రిక్వెస్ట్‌కు 24 గంటలు మించి అడగలేరు, రోజురోజుకూ విడివిడిగా అడుగుతూ మధ్యలో ఆగుతూ వెళ్లాలి.

6. టైమ్ పెట్టండి

లైనక్స్‌లో చెప్పిన టైమ్‌కు ప్రోగ్రామును నడిపే క్రాన్ చాలు. ఐదు నిమిషాలకోసారి అంటే */5 * * * * అని రాస్తారు. నేనైతే 2-59/5 * * * * అని రాయమంటాను. అందరి స్క్రిప్టులూ సరిగ్గా ఐదు, పది, పదిహేను నిమిషాలకు సర్వర్ మీద పడతాయి. రెండు నిమిషాలు పక్కకు జరిగితే మీకూ మేలు, వాళ్లకూ మేలు. సీవాప్‌కు ఐదు నిమిషాల కంటే తరచుగా పంపకూడదు. నెటాట్మో క్లౌడ్ పది నిమిషాలకోసారి మారుతుంది, నిమిషానికోసారి అడిగితే అదే జవాబు వస్తుంది.

క్రాన్‌కు మీ టెర్మినల్‌లోని సెట్టింగులేవీ తెలియవు. పైథాన్‌కూ, ఫైళ్లకూ పూర్తి పాత్ ఇవ్వండి. "ఎఫ్‌లాక్" వాడితే మొదటిది అయిపోకముందే రెండోది మొదలవదు. ప్రతి నెట్‌వర్క్ రిక్వెస్ట్‌కూ 30 సెకన్ల టైమవుట్ పెట్టండి. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ నుంచి టైమ్ సరిచేసుకునేదాకా ఆగి మొదలుపెట్టేలా చూడండి. మీ స్క్రిప్టును తన సర్వర్ల మీదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో కూడా ఐదు నిమిషాల షెడ్యూల్ పెట్టుకోవచ్చు, కానీ రద్దీగా ఉన్నప్పుడు ఆలస్యమవుతుంది. గంటకోసారి ఆర్కైవ్ చేయడానికి సరిపోతుంది.

7. జవాబు చదివి నిర్ణయం తీసుకోండి

రిక్వెస్ట్ సవ్యంగా అందిందని చెప్పే స్టేటస్ 200 వచ్చింది కదా అని వదిలేయకండి. లోపలి మాటలు కూడా చదవండి; వెదర్ అండర్‌గ్రౌండ్ తీసుకుంటే "సక్సెస్" అని రాస్తుంది. 401, 403 వస్తే కీ సమస్య. మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ఆపి మీకు మెసేజ్ పంపేలా చేయండి. 429 వస్తే మీరు తొందరపడుతున్నారని అర్థం. 5తో మొదలయ్యేవి (500, 503 లాంటివి), టైమవుట్‌లు తాత్కాలికం కావొచ్చు. రెండు, నాలుగు, ఎనిమిది సెకన్లు అలా ఆగి ప్రయత్నించి, కాకపోతే తర్వాతి విడతకు వదిలేయండి. డేటా ఎలాగూ డేటాబేస్‌లో భద్రంగా ఉంది కాబట్టి టెన్షన్ లేదు.

8. వారంపాటు ఉత్తుత్తి రన్, ఆ తర్వాత కాపలా

మొదటి వారం నిజంగా పంపకుండా, పంపబోయేది లాగ్‌లో రాసేలా నడపండి. ఆ వారంలో ఒక వాన, కొన్ని అర్ధరాత్రులు వస్తే అదృష్టమే. వాన కౌంటర్ తప్పులు బయటపడేది అప్పుడే. వాన రాకపోతే మాపకంలో కొలిచిన నీళ్లు నెమ్మదిగా పోసి చూడొచ్చు, కానీ ఆ గంట డేటాను తర్వాత డేటాబేస్‌లో కొట్టేయండి.

నిజంగా మొదలుపెట్టాక, తప్పు జరిగితే ఈమెయిల్ పంపే ఏర్పాటు ఒక్కటే సరిపోదు. కంప్యూటరే ఆగిపోతే ఈమెయిల్ ఎవరు పంపుతారు? పద్ధతిని తిరగేయండి: పని సవ్యంగా జరిగిన ప్రతిసారీ బయటి సర్వీసు ఒకదానికి చిన్న పింగ్ వెళ్లాలి, గంటసేపు పింగ్ రాకపోతే ఆ సర్వీసే మీకు చెప్పాలి. రోజుకోసారి గమ్యం నుంచి మీ డేటాను వెనక్కి తెచ్చి డేటాబేస్‌తో పోల్చి చూసే చిన్న స్క్రిప్టు కూడా రాయండి. సీవాప్ అందిందో లేదో తిరిగి చెప్పదు కాబట్టి అక్కడ ఇదొక్కటే దారి.

ఒక్కో సర్వీసుకు సంబంధించిన కోడ్‌ను దాని ఫంక్షన్‌లోనే ఉంచండి, ఎందుకంటే ఏపీఐలు మారిపోతాయి. వెదర్ అండర్‌గ్రౌండ్ ఒకప్పుడు అందరికీ ఉచితంగా ఇచ్చిన ఏపీఐని 2018 నుంచి ఆపుకుంటూ వచ్చింది. తర్వాత స్టేషన్ డేటా పంపేవాళ్లకు వేరే ఏపీఐ ఇచ్చింది. అలాంటి మార్పు వచ్చినప్పుడు తెచ్చే ఫంక్షన్ ఒక్కటి మార్చుకుంటే మిగతా అంతా అలాగే నడుస్తుంది. అదే ఫోల్డర్‌లో చిన్న టెక్స్ట్ ఫైల్ ఒకటి పెట్టి స్టేషన్ ఎత్తు, సెన్సర్లు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయి, ఎప్పుడు జరిపారు, బ్యాటరీ ఎప్పుడు మార్చారు అన్నవి తేదీలతో రాస్తూ ఉండండి. మీ డేటా తీసుకున్నవాళ్లు తర్వాతెప్పుడైనా ఒక వింత అంకె చూసి మిమ్మల్ని అడిగితే చూపించాల్సింది ఆ ఫైలే.